తొమ్మిది పిన్నుల ప్లగ్, ఐదు తీగల పని: పాత వీడియో గేమ్‌కు ప్యాడ్ వెతికిన కేసు

మెషిన్: తొంభైల నాటి క్యాసెట్ వీడియో గేమ్, నింటెండో ఫ్యామికామ్‌కు నకలు. పైన 60 పిన్నుల క్యాసెట్ స్లాట్, ముందు రెండు 9 పిన్నుల పోర్టులు, వెనక టీవీకి వెళ్లే ఏవీ (AV) అవుట్, 9 వోల్టుల అడాప్టర్.

ఫిర్యాదు: ఉన్న ఒక్క రిమోట్ (అంటే ప్యాడ్) సగమే పనిచేస్తోంది. రెండోది ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్తది పెడితే గేమ్ పిచ్చిపిచ్చిగా ఆడుతోంది.

మనిషి: నల్గొండ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఉద్యోగి, నలభై దాటాయి. మెషిన్ వాళ్ల నాన్న కొనిపెట్టింది. ఇప్పుడు కొడుకుతో కలిసి కాంట్రా ఆడాలని ఉంది. “రెండు కొత్త రిమోట్లు ఇయ్యన్నా, అయిపోతది” అన్నాడు. రెండు రిమోట్లు ఇవ్వడం కష్టమేమీ కాదు. ఆ రెండూ ఈ మెషిన్‌కు సరిపోవాలి, చేతికి బాగుండాలి, నాలుగు వారాలకే రబ్బరు చచ్చిపోకూడదు. ఈ మూడూ ఒకే చోట దొరకవు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ముందు మెషిన్ సంగతి

పోర్టు పోయి ఉంటే ఎంత మంచి ప్యాడ్ తెచ్చినా దండగే కాబట్టి మొదట అటు చూశా. క్యాసెట్ పెట్టి ఆన్ చేస్తే బొమ్మ, సౌండ్ రెండూ వచ్చాయి. పోర్టులో 6, 8 పిన్నుల మధ్య మీటర్ పెడితే 5 వోల్టుల దగ్గర నిలబడింది. లోపల 9 వోల్టులను 5కు దించే 7805 రెగ్యులేటర్ బాగానే ఉందన్నమాట.

పాత ప్యాడ్‌ను ఒకటో పోర్టులో, తర్వాత రెండో పోర్టులో పెట్టి ఆడించా. రెండో పోర్టును చూడాలంటే ఇద్దరు ఆడే గేమ్ పెట్టి, ఒకటో పోర్టులో మా రిపేరు బెంచ్ మీద ఉండే మంచి ప్యాడ్‌తో ఆట మొదలుపెట్టాలి. చాలా గేములు రెండో ప్యాడ్‌ను మెనూలో పట్టించుకోవు, అది చూసి పోర్టు పోయిందనుకునేవాళ్లు ఉన్నారు. రెండు చోట్లా ఒకటే జబ్బు: కుడి బటన్ అప్పుడప్పుడు పలుకుతోంది, ‘ఏ’ (A) బటన్ గట్టిగా అదిమితే తప్ప పలకడం లేదు, వైరు ప్యాడ్‌లోకి వెళ్లే చోట కాస్త వంచితే మొత్తం చచ్చిపోతోంది. తప్పు ప్యాడ్ వెంటే వస్తోంది కాబట్టి మెషిన్‌ది కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, అది తెలిస్తే విప్పకముందే సగం రోగం తెలిసిపోతుంది. ఈ ప్యాడ్‌లో ఎనిమిది బటన్లున్నా మెషిన్‌కు వెళ్లే తీగలు ఐదే: సప్లై, గ్రౌండ్, ల్యాచ్, క్లాక్, డేటా. మెషిన్ ల్యాచ్ తీగ మీద ఒక పల్స్ పంపగానే లోపలి చిప్ ఎనిమిది బటన్ల స్థితినీ ఒక్కసారి పట్టుకుంటుంది. తర్వాత ఒక్కో క్లాక్‌కు ఒక్కో బటన్, రేషన్ షాపు క్యూలాగా, వరుసగా డేటా తీగ మీదికి వస్తుంది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. తీగ మీద వోల్టేజ్ పడిపోతే ఆ బటన్ నొక్కినట్టు, పైన ఉంటే నొక్కనట్టు.

అంటే అన్ని బటన్లూ ఒకే డేటా తీగ మీద ప్రయాణిస్తాయి. వైరు తెగితే అన్నీ కలిసే పోతాయి. ఒకటో రెండో బటన్లు మాత్రమే మొండికేస్తుంటే తప్పు వైరుది కాదు, రబ్బరుదో బోర్డు మీది కార్బన్‌దో. ఈ ప్యాడ్‌కు రెండు జబ్బులూ ఉన్నాయి.

విప్పితే అనుకున్నట్టే ఉంది. బోర్డు మీద విడి చిప్ లేదు, నల్లటి ఎపాక్సీ బొట్టు కింద చిప్‌ను కప్పేసిన రకం. వైరు లోపలికి వచ్చే చోట ముడి వేసి వదిలేశారు, ఆ ముడి దగ్గరే లోపలి రాగి పోగులు నలిగిపోయాయి. కుడి బటన్ కింద చెమట, దుమ్ము కలిసి పేరుకున్న జిగురు పొర. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే అది తేరుకుంది. ‘ఏ’ బటన్ మాత్రం తేరుకోలేదు. రబ్బరు కింది నల్ల బిళ్ల అరిగి మెరుస్తోంది, ఎన్ని వేల సార్లు ఎగిరాడో మారియో! నొక్కిపట్టి కొలిస్తే పైకి బటన్ కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తుంటే, ఇది పదుల కిలో ఓమ్‌ల మధ్య ఊగుతోంది.

ఇలాంటప్పుడు చాలామంది బిళ్ల మీద సిగరెట్ పెట్టె రేకు అంటిస్తారు, లేదా పెన్సిల్ రుద్దుతారు. పెన్సిల్ ఆ సాయంత్రానికి పనికొస్తుంది. రేకు మాత్రం వద్దు. అది బోర్డు మీది కార్బన్ గీతలను గీకేస్తుంది, ఆ తర్వాత కొత్త రబ్బరు వేసినా లాభం ఉండదు.

కొన్న ప్యాడ్ ఎందుకు అలా ఆడింది

ఈ కేసులో అసలు మజా ఇక్కడుంది. ఆయన తెప్పించిన ప్యాడ్ చూడ్డానికి బాగుంది. నల్లటి ఒంపు తిరిగిన బాడీ, ఏ, బీ, సీ అని మూడు బటన్లు, పక్కన స్టార్ట్. ప్లగ్ 9 పిన్నులదే. పోర్టులో చక్కగా కూర్చుంది. పెట్టి ఆన్ చేస్తే చాలా బటన్లకు మెషిన్ ఉలకదు పలకదు. కిందికి బటన్ నొక్కితే మాత్రం గేమ్ మొదలవుతుంది, మారియో ఎగురుతాడు, వెంటనే ఆట ఆగిపోతుంది. “దయ్యం పట్టినట్టు ఆడుతుందన్నా” అన్నాడాయన.

ఆ మూడు బటన్లు చూడగానే విషయం తెలిసిపోతుంది. అది సెగా మెగా డ్రైవ్ ప్యాడ్. దాని లోపల వరుసగా పంపే చిప్ ఉండదు. 74హెచ్‌సీ157 అనే మల్టీప్లెక్సర్ ఉంటుంది. మెషిన్ ఒక తీగను పైకీ కిందికీ ఆడించి, ఒకే తీగ మీద రెండేసి బటన్లను చదువుకుంటుంది. పైకి, కిందికి బటన్లు మాత్రం 1, 2 పిన్నులకు నేరుగా వెళ్తాయి. 3 ఎడమ, 4 కుడి, 5 సప్లై, 6 మీద ఏ లేదా బీ, 7 మెషిన్ ఆడించే సెలెక్ట్ తీగ, 8 గ్రౌండ్, 9 మీద స్టార్ట్ లేదా సీ.

ఇప్పుడు మన మెషిన్ పోర్టు చూడండి. మీటర్‌తో, తీగ మీది పల్సులు చూపించే లాజిక్ ప్రోబ్‌తో ఒక్కో పిన్ను పట్టుకుని చూస్తే ఇలా వచ్చింది: 2 డేటా, 3 ల్యాచ్, 4 క్లాక్, 6 సప్లై, 8 గ్రౌండ్. ఫ్యామికామ్ నకళ్లలో ఎక్కువగా కనిపించే అమరిక ఇదే. అన్నింటిలోనూ ఇదే ఉంటుందని నమ్మకండి, కొలవకుండా అసలు వద్దు.

రెండూ పక్కపక్కన పెట్టుకుంటే దయ్యం దిగిపోతుంది. సెగా ప్యాడ్‌లో కిందికి బటన్ 2వ పిన్నును నేరుగా గ్రౌండ్‌కు కలుపుతుంది. మన మెషిన్‌కు 2వ పిన్ను డేటా తీగ. అది గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ మెషిన్ ఎనిమిది సార్లు చదివితే ఎనిమిది సార్లూ నొక్కినట్టే కనిపిస్తుంది. ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిక్కులు, అన్నీ ఒకేసారి. అందుకే ఆట మొదలవడం, ఎగరడం, ఆగడం.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. సెగా ప్యాడ్‌కు 5వ పిన్నులో అందాల్సిన సప్లై ఇక్కడ అందదు. బదులుగా దాని చిప్ అవుట్‌పుట్ అయిన 6వ పిన్నులోకి మన మెషిన్ 5 వోల్టులు తోస్తుంది. ఆ దొంగదారిన చిప్ సగం బతికి, ల్యాచ్, క్లాక్ తీగలతో తగువు పెట్టుకుంటుంది. ల్యాచ్ రెండు పోర్టులకూ ఉమ్మడి తీగ కాబట్టి రెండో పోర్టులో పెట్టిన తప్పు ప్యాడ్ వల్ల ఒకటో ప్యాడ్ కూడా తడబడొచ్చు. ఎక్కువసేపు అలా ఉంచితే ప్యాడ్ చిప్పో మెషిన్ చిప్పో దెబ్బతినే అవకాశం ఉంది.

ఇంతకన్నా ప్రమాదం అటారీ తరహా పాత జాయ్‌స్టిక్. దానిదీ 9 పిన్నుల ప్లగ్గే. అందులో ఫైర్ బటన్ 6, 8 పిన్నుల మధ్య ఉంటుంది. మన పోర్టులో 6 సప్లై, 8 గ్రౌండ్. ఫైర్ నొక్కారంటే 5 వోల్టుల సప్లైని నేరుగా షార్ట్ చేసినట్టే. బొమ్మ ఠక్కున పోతుంది, 7805 సలసలా కాగుతుంది.

ఇంత గందరగోళం ఎందుకంటే, ఫ్యామికామ్‌కు అసలు ప్లగ్గే లేదు. 1983 జులైలో జపాన్‌లో వచ్చినప్పుడు దాని రెండు ప్యాడ్లూ మెషిన్‌కే శాశ్వతంగా అతికించి ఉండేవి. ముందువైపు 15 పిన్నుల పోర్టు ఒకటి గన్ లాంటి అదనపు సరుకుల కోసం. 1985లో అమెరికాకు ఎన్‌ఈఎస్ పేరుతో వెళ్లినప్పుడు నింటెండో 7 పిన్నుల సొంత ప్లగ్ పెట్టింది. నకళ్లు చేసినవాళ్లకు ఏ నియమమూ లేదు. కొందరు 15 పిన్నులు పెట్టారు, కొందరు చవకగా దొరికే 9 పిన్నులది పెట్టారు. మన ఊళ్లలో మీడియా లాంటి పేర్లతో వచ్చినవీ, ఏ పేరూ లేకుండా డబ్బా మీద ఏదో సినిమా హీరో బొమ్మతో వచ్చినవీ ఇదే కుటుంబం.

ఏది ఎంచుకోవాలి

“ప్లగ్ సరిపోయింది గదన్నా” అని ఆయన రెండుసార్లు అన్నాడు. నేను చెప్పింది ఇది: ప్లగ్‌ను మర్చిపోండి సార్, అది మార్చుకోవచ్చు. 7 పిన్నులైనా, 9 అయినా, 15 అయినా, ఈ కుటుంబంలో లోపలి మాట ఒక్కటే, అవే ఐదు తీగలు. కాబట్టి వెతకాల్సింది మంచి దిక్కుల బటన్ ఉన్న ప్యాడ్‌ను. ప్లగ్ సంగతి బెంచ్ మీద మేం చూసుకుంటాం.

అందరూ మొదట చూసేది 9 పిన్నుల కొత్త నకలు ప్యాడ్. కొన్ని వందలకే వస్తుంది, వైరు కోయనక్కర్లేదు, అది పెద్ద సుఖం. అయితే తీసి చేతిలో పట్టుకుంటే గాలి బుడగంత బరువు. వైరు సన్నగా, పొట్టిగా ఉంటుంది. టర్బో బటన్లు ఉంటాయి, పిల్లలకు అది పండగ. బటన్ల కింది రబ్బరు ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా. అదృష్టం బాగుంటే మంచిది తగులుతుంది. పది నిమిషాలాటకు చాలు.

యూఎస్‌బీ ప్యాడ్ల గురించి చాలామంది అడుగుతారు. అచ్చం పాత రూపంలోనే వస్తాయి, ఫొటోలో తేడా తెలీదు. వాటి లోపలి చిప్ కంప్యూటర్ భాష మాట్లాడుతుంది. ప్లగ్ కోసి అతికిస్తే పనిచేయదు. లోపలి బోర్డు తీసేసి వేరే చిప్ పెట్టాలి, ఆ శ్రమకు ఫలితం చాలదు.

వైర్‌లెస్ వద్దన్నా. 8బిట్‌డో లాంటి కంపెనీలు ఎన్‌ఈఎస్ 7 పిన్నుల పోర్టులో పెట్టే రిసీవర్లు చేశాయి, ప్యాడ్లు కూడా బాగుంటాయి. ఇక్కడ దానికోసం ప్లగ్ మార్పిడి, ఛార్జింగ్, జత చేయడం, ఇన్ని తంటాలు. పైగా ఆయనకు కావాల్సింది చాప మీద కూర్చుని ఆడే పాత ఆట.

చివరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, పాత ప్యాడ్‌కు కొత్త రబ్బరు, కొత్త వైరు వేసి బతికించడం. రెండు, సెకండ్‌హ్యాండ్ ఒరిజినల్ ఎన్‌ఈఎస్ ప్యాడ్ తెచ్చి 9 పిన్నులకు మార్చడం. ఒక ప్యాడ్ అలా, ఒకటి ఇలా చేద్దామన్నా. ఎన్‌ఈఎస్ ప్యాడ్ మన దగ్గర దొరకడం కష్టం, అమెరికా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో రావాలి. ఆయన తోడల్లుడు డాలస్‌లో ఉన్నాడట, ఆ పని వాళ్లింట్లోనే తేలిపోయింది. పాత సామాన్ల షాపులో ఒకటి కొని పంపించాడు.

దిక్కుల బటన్

రెండు ప్యాడ్లు పక్కపక్కన విప్పి చూపిస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఈ ప్లస్ గుర్తు బటన్‌ను నింటెండోలో గున్‌పేయ్ యోకోయ్ రూపొందించాడు. 1982లో వచ్చిన డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ అనే చేతి గేమ్‌లో మొదట కనిపించింది. అందులో తెలివంతా మధ్యలో ఉంది. ప్లస్ గుర్తు కింద నట్టనడుమ ఒక బొడిపె. ఒకవైపు నొక్కితే ఆ బొడిపె ఆసరాతో ఎదుటివైపు లేస్తుంది. కాబట్టి కుడి, ఎడమ ఒకేసారి నొక్కడం కుదరదు. బొటనవేలు ఎత్తకుండా, పక్కకు దొర్లిస్తూ దిక్కు మార్చుకోవచ్చు.

చవక ప్యాడ్లలో ఆ బొడిపె ఉండదు, లేదా పొట్టిగా ఉండి బోర్డుకు తగలదు. అప్పుడు ప్లస్ గుర్తు మొత్తం పళ్లెంలా కిందికి దిగిపోతుంది. మధ్యలో అదిమితే నాలుగు దిక్కులూ ఒకేసారి పలుకుతాయి. అసలు ప్యాడ్‌తో ఇలా జరగదు కాబట్టి ఆ రోజుల్లో గేములు రాసినవాళ్లలో చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జెల్డా 2 అనే గేమ్‌లో కుడి, ఎడమ కలిపి నొక్కితే హీరో అదుపు తప్పిన వేగంతో దూసుకుపోతాడు.

మామూలు ఆటలో ఇబ్బంది ఇంకోలా కనిపిస్తుంది: కోరకుండా మూల దిక్కు దొర్లిపడటం. కుడికి నొక్కుతుంటే వేలు కాస్త జారి కిందికి కూడా తగులుతుంది. సూపర్ మారియోలో నేల మీద ఉన్నప్పుడు కిందికి, పక్కకు రెండూ కలిస్తే గేమ్ పక్క దిక్కును కొట్టిపారేస్తుంది. ఫలితం, పరిగెత్తే మారియో గుంట అంచున హఠాత్తుగా వేగం తగ్గిపోతాడు, ఎగిరినా అవతలికి అందడు. పిల్లాడు “నేను సరిగ్గానే నొక్కా” అంటాడు, పెద్దాయన “నీకు రాదురా” అంటాడు. ఇద్దరిదీ తప్పు లేదు. నా దగ్గర ప్యాడ్ పరీక్షలో మొదటిది ఇదే: మారియోను బీ పట్టుకుని పరిగెత్తిస్తూ బొటనవేలిని కావాలనే ఒక రవ్వ కిందికి జార్చడం. మంచి ప్యాడ్ ఆ రవ్వను మన్నిస్తుంది.

మరీ బిగుసుగా ఉన్నా కుదరదు. కాంట్రాలో పరిగెత్తుతూ మూలగా పైకి కాల్చాలంటే రెండు దిక్కులు కలవాల్సిందే. మన్నించాలి, అడిగితే ఇవ్వాలి కూడా. ఈ మధ్యస్థం బొడిపె ఎత్తు, రబ్బరు గోపురం బిగువు, ప్లస్ గుర్తుకు బాడీలో ఉన్న సందు, ఈ మూడింటి మీద ఆధారపడుతుంది. స్పెక్‌లో ఇది ఎక్కడా రాయరు. చేత్తో పట్టి చూడాలి, లేదా విప్పి చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాడిని లోపలి ఫొటో అడగండి. పంపితే మంచిది. పంపకపోతే అతను ఎప్పుడూ విప్పి చూడలేదని అర్థం.

డాలస్ నుంచి వచ్చిన ప్యాడ్‌లో దిక్కుల బటన్ ఏమాత్రం అరగలేదు. చతురస్రపు మూలలు అరచేతిలో గుచ్చుకుంటాయి, అది ఈ ప్యాడ్ పుట్టుకతో వచ్చిన గుణం. అలవాటు పడాల్సిందే.

తీగల మార్పు

ఎన్‌ఈఎస్ ప్యాడ్ బోర్డు మీద 16 కాళ్ల చిప్ స్పష్టంగా కనిపిస్తుంది: సీడీ4021 షిఫ్ట్ రిజిస్టర్, బటన్లను వరుసగా పంపేది ఇదే. ఇది విడిగా ఎక్కడైనా దొరికే చిప్. చచ్చిపోతే కోఠి గుజరాతీ గల్లీలో వెతికి వేసుకోవచ్చు. నల్ల ఎపాక్సీ బొట్టుకు ఆ భాగ్యం లేదు. సెకండ్‌హ్యాండ్ ఒరిజినల్‌కు ఎక్కువ డబ్బు పెట్టమనడానికి నాకు ఇది పెద్ద కారణం.

వైరు రంగుల దగ్గర ఒక బోను ఉంది. మన చేతికి ఎరుపు అంటే సప్లై, నలుపు అంటే గ్రౌండ్. ఒరిజినల్ ఎన్‌ఈఎస్ ప్యాడ్‌లో తెలుపు సప్లై, గోధుమ రంగు గ్రౌండ్, నారింజ ల్యాచ్, ఎరుపు క్లాక్, పసుపు డేటా. అలవాటు కొద్దీ ఎరుపును సప్లైకి కలిపితే అంతే సంగతులు. రంగును నమ్మకుండా చిప్ కాళ్ల నుంచి మీటర్ పెట్టుకుని రావడమే పద్ధతి: 16వ కాలు సప్లై, 8 గ్రౌండ్, 9 ల్యాచ్, 10 క్లాక్, 3 డేటా. బోర్డు రివిజన్ ఏదైనా, వైరు ఎవరు మార్చి ఉన్నా, చిప్ కాళ్లు మారవు.

ప్లగ్ కోసం షాపులో దొరికే సోల్డర్ చేసుకునే 9 పిన్నుల కనెక్టర్ తెచ్చుకుంటే ఇంకో చిక్కు. దానికి రెండు పక్కలా స్క్రూల చెవులుంటాయి. ఈ మెషిన్లలో పోర్టు కాస్త లోపలికి ఉంటుంది, ఆ చెవులు బాడీకి తగిలి ప్లగ్ పూర్తిగా దిగదు. చెవులు కోసేస్తే తొడుగు నిలవదు. నేను వాడేది మెగా డ్రైవ్ ప్యాడ్ల కోసం అమ్మే ఎక్స్‌టెన్షన్ కేబుల్. ఒక చివర అచ్చుపోసిన సన్నటి ఆడ ప్లగ్ ఉంటుంది, వైరు మెత్తగా ఉంటుంది, మనకు కావాల్సిన చోట కోసుకోవచ్చు. కొనేటప్పుడు తొమ్మిది తీగలూ లోపల ఉన్నాయో లేదో చూసుకోవాలి. ల్యాన్ కేబుల్ వాడేవాళ్లున్నారు. అందులో గట్టి ఒంటి పోగు ఉంటే నాలుగు వంపులకు విరుగుతుంది. ప్యాడ్ వైరు రోజంతా వంగుతూనే ఉంటుంది.

ఆ కేబుల్‌లో 2, 3, 4, 6, 8 తీగలను మీటర్ కంటిన్యుటీతో (ఏ తీగ ఏ పిన్నుకు కలుస్తుందో చూసి) గుర్తుపట్టి, చిప్ డేటా, ల్యాచ్, క్లాక్, సప్లై, గ్రౌండ్‌లకు వరుసగా కలిపా. మిగిలిన నాలుగింటిని కోసి విడివిడిగా ష్రింక్ ట్యూబ్ తొడిగా, ఎక్కడా తగలకుండా. ఎన్‌ఈఎస్ బాడీలో వైరును మెలితిప్పి పట్టుకునే ప్లాస్టిక్ గూళ్లున్నాయి. కొత్త వైరును వాటిలోంచే తిప్పా, లాగితే బరువు సోల్డర్ మీద పడకుండా.

మెషిన్‌లో పెట్టేముందు ఒక్క చూపు తప్పనిసరి. ప్యాడ్ ప్లగ్‌లో 6, 8 మధ్య షార్ట్ లేదని మీటర్‌తో చూడాలి, ఒక్కో బటన్ నొక్కుతూ మళ్లీ చూడాలి.

బటన్ల నాణ్యతకు కూడా కొలత ఉంది. ఈ బోర్డు మీద ప్రతి బటన్ తీగనూ సప్లై వైపు లాగి పట్టుకునే రెసిస్టర్ కొలిస్తే 38 కిలో ఓమ్‌ల దగ్గర వచ్చింది. 5 వోల్టుల సప్లైలో 1.5 వోల్టుల కన్నా కిందికి దిగితేనే 4021 దాన్ని ఖాయంగా నొక్కినట్టు తీసుకుంటుంది. లెక్క వేస్తే రబ్బరు బిళ్ల దాదాపు 16 కిలో ఓమ్‌లు దాటకూడదు. డాలస్ ప్యాడ్‌లో అన్నీ ఒక కిలో ఓమ్ లోపే ఉన్నాయి. చాలా ఏళ్లు నడుస్తుంది.

పాత ప్యాడ్‌కూ ఇదే కేబుల్ రెండో ముక్క వేశా. కాకపోతే రెండో చివర ఉన్నది మగ ప్లగ్, అది పనికిరాదు. అందుకే పాత ప్లగ్‌నే ఉంచి, వైరు మాత్రం మార్చి, ప్లగ్ దగ్గర ఒక జాయింట్ వేయాల్సి వచ్చింది. రబ్బరు కొత్త సెట్ వేశాక ‘ఏ’ బటన్ మెత్తబడింది. ఆ ప్యాడ్‌లో మధ్య బొడిపె కాస్త పొట్టి. కింద పలుచటి ప్లాస్టిక్ బిళ్ల అంటిస్తే చాలావరకు సర్దుకుంది, ఎన్‌ఈఎస్ ప్యాడ్ అంత కాదు.

ఆడి చూడటం

పరీక్షకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మనకు తెలిసిన క్యాసెట్లు చాలు. మారియో పరుగు పరీక్ష చెప్పా కదా. తర్వాత కాంట్రా టైటిల్ మీద ముప్పై లైఫుల కోడ్: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. నాలుగు దిక్కులు, రెండు బటన్లు వేగంగా వరుసగా పడాలి. ఒక్కటి రెండుసార్లు పలికినా, ఒక్కటి మింగేసినా లైఫులు రావు. కొత్త రబ్బరు డబుల్ కొడుతోందా లేదా అన్నది ఇక్కడే బయటపడుతుంది. ఆఖర్న ట్యాంకుల ఆట. అందులో నాలుగు దిక్కులే ఉంటాయి, మూల దిక్కు దొర్లితే ట్యాంకు గోడ వైపు తిరిగిపోతుంది.

ఎన్‌ఈఎస్ ప్యాడ్ అన్నీ దాటింది. పాతది కోడ్ దాటింది, ట్యాంకుల్లో అరుదుగా తడబడింది. ఆ విషయం ఆయనకు చెప్పే ఇచ్చా. “పాతది నేను తీసుకుంటా, మంచిది వాడికి” అన్నాడు. ఓడిపోతే సాకు కూడా ఉంటుంది మరి.

బిల్లులో ప్యాడ్ ధర లేదు, అది తోడల్లుడి ఖాతా. కేబుల్, రబ్బరు సెట్, పని మాత్రమే. సొంతంగా తెప్పించుకునేవాళ్లకు సెకండ్‌హ్యాండ్ ఒరిజినల్, రవాణా కలిపి రెండు వేలు దాటుతుందని చెప్పి ఉంచుతాను. అంత పెట్టలేమంటే రెండు చవక నకళ్లు కొని, రెండింట్లో మంచి దిక్కుల బటన్, మంచి రబ్బరు ఏరి ఒకటి చేయడం కూడా దారే. అలా చేసినవి కూడా నడుస్తున్నాయి.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. “అన్నా, రిమోట్ లేటుగా పలుకుతుంది, నొక్కినంక ఎగురుతుండు.” ప్యాడ్ వల్ల లేటు రాదు. ఈ మెషిన్ మన పాల్ (PAL) పద్ధతి టీవీల లెక్కన సెకనుకు 50 ఫ్రేములు నడుస్తుంది, ఫ్రేముకు ఒకసారి ప్యాడ్‌ను చదువుతుంది. అంటే మహా అయితే 20 మిల్లీసెకన్లు. ఏ టీవీ అని అడిగితే పెద్ద ఎల్‌ఈడీ టీవీ అన్నాడు. అలాంటి టీవీలు పాత ఏవీ (AV) సిగ్నల్‌ను సాగదీసి, నునుపు చేసి చూపించడానికి టైం తీసుకుంటాయి. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టించా, మోషన్ స్మూతింగ్ తీయించా. తేడా వెంటనే తెలిసిందట.

అదే ఫోన్‌లో బాతుల ఆట గన్ గురించి అడిగాడు. డబ్బాలో గన్ ఉంది, అది ఆ టీవీ మీద ఒక్క బాతునూ కొట్టడం లేదు. గన్ బాగానే ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే గేమ్ తెరను నల్లగా చేసి, బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వేస్తుంది. గన్ లోపలి సెన్సర్ పాత గాజు గొట్టం టీవీలో గీత గీతగా వచ్చే వెలుగునే, అదీ సరిగ్గా ఆ క్షణంలోనే పట్టుకుంటుంది. ఎల్‌ఈడీ తెరలో ఆ గీతలూ లేవు, ఆ క్షణానికి బొమ్మా రాదు. గన్ విప్పి బాగుచేసే పని కాదిది, గాజు టీవీ ఒకటి దొరకాలి. సూర్యాపేటలో వాళ్ల మేనమామ ఇంట్లో 21 అంగుళాలది ఉందట, పండక్కి వెళ్లినప్పుడు మెషిన్ పట్టుకెళ్తానన్నాడు. అలా తీసుకెళ్లేటప్పుడు ప్యాడ్ల వైర్లను ప్యాడ్‌కు బిగించి చుట్టొద్దని, వదులుగా ఉంగరంలా మడవమని చెప్పి ఫోన్ పెట్టేశా.